మూడో కొండ మీది మంచు

ఫోటో చప్పగా ఉంటే చాలామంది ముందు కాంట్రాస్ట్ స్లైడర్ పట్టుకుని కుడివైపుకి లాగేస్తారు. రాజమండ్రిలో నాకు తెలిసిన స్టూడియో ఎడిటర్ ఒకాయన అసలు దాని జోలికి వెళ్ళరు. ముందు ఫోటోని రెండొందల శాతానికి పెంచి మూలమూలా చూస్తారు. తర్వాత హిస్టోగ్రామ్ చూస్తారు. పని మొదలయ్యేది ఆ తర్వాతే.

ఈమధ్య ఆయన దగ్గరికొచ్చిన ఫోటో గోదావరి మీద లాంచీలో తీసింది. చలికాలం, ఇంకా సరిగ్గా తెల్లవారలేదు. తెల్లచీరలో ఒక పెద్దావిడ కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. వెనక పాపికొండలు, ఒకదాని వెనక ఒకటిగా మూడు వరసలు. వెలుతురు చాలక కెమెరా ఐఎస్ఓని 6400 దాకా ఎక్కించేసింది. కొండలకి మంచు ముసుగు, దాని మీద ఇసుక చల్లినట్టు గ్రెయిన్. పచ్చదనం ఉండాల్సిన చోటంతా బూడిద రంగే.

నలుపు 0, తెలుపు 255 అనుకుంటే, హిస్టోగ్రామ్‌లో ఆ కొండలన్నీ 110కీ 190కీ మధ్య ఇరుక్కుని ఉన్నాయి. ఆ 80 మెట్లనీ మొత్తం నిడివికి సాగదీస్తే కొండలు తేటపడతాయి, అనుమానం లేదు. కానీ మూడు రెట్లు సాగేది కొండలొక్కటే కాదు, గ్రెయిన్ కూడా అంతే సాగుతుంది. మంచు తీస్తే గ్రెయిన్ రేగుతుంది. గ్రెయిన్ నునుపు చేస్తే కొండ మీది చెట్లు చెరిగిపోతాయి. ఈ ముడిని ఆయన ఎక్కడ పట్టుకుని విప్పుతారో చూడ్డానికే నేను పక్కన కుర్చీ వేసుకున్నాను.

మొదటి వేటు గ్రెయిన్ మీద, అదీ రా ఫైల్లోనే. వెలుతురు కెమెరాలోకి కణాలుగా వస్తుంది, ఆ రాక ఎప్పుడూ సమంగా ఉండదు. ఒక చుక్కలో సగటున 100 కణాలు పడేచోట పది అటూ ఇటూ అవుతాయి, అంటే పదో వంతు తేడా. 10,000 పడేచోట తేడా వంద, నూటికి ఒకటి. చీకట్లో తీసిన ఫోటో గరుకుగా ఉండేది అందుకే. ఐఎస్ఓ పెంచితే కొత్త వెలుతురేమీ పుట్టదు, ఉన్న కాస్తా గట్టిగా వినపడుతుందంతే.

గ్రెయిన్లో రెండు రకాలు. ఎరుపు, ఆకుపచ్చ మచ్చలుగా కనిపించే రంగు గ్రెయిన్‌ని ఆయన జాలి లేకుండా తుడిచేస్తారు, రంగులో సన్న తేడాల్ని మన కన్ను పెద్దగా పట్టదు గనక. వెలుగునీడల గ్రెయిన్ దగ్గరే చెయ్యి తగ్గుతుంది. పెద్దావిడ చెంప మీది ముడతలూ ఆ గ్రెయిన్ గింజలూ ఇంచుమించు ఒకే పరిమాణంలో ఉన్నాయి. ఏది ముడతో ఏది గింజో సాఫ్ట్‌వేర్‌కి తెలియదు. గట్టిగా లాగితే మొహం మైనం ముద్ద అవుతుంది. (పెళ్ళి ఆల్బమ్‌లలో పెళ్ళికూతురి నాయనమ్మకి కూడా ముప్పయ్యేళ్ళ చర్మం వస్తోందంటే ఆ స్లైడర్ చలవే.) 2023లో లైట్‌రూమ్‌లోకి వచ్చిన ఏఐ డీనాయిస్‌ని ఆయన కాదనరు. దాంతో చేసిన కాపీని వేరే లేయర్‌గా పెట్టి, కొండలకీ ఆకాశానికీ ఉంచి, మొహం మీద మాత్రం మాస్క్‌తో తీసేస్తారు.

ఇక మంచు. గాల్లోని తేమ బిందువులు వెలుతురుని చెదరగొట్టి కొండకీ కెమెరాకీ మధ్య తెల్లటి పొర పరుస్తాయి. దూరం పెరిగేకొద్దీ ఆ పొర మందం. 2009లో కైమింగ్ హే, జియాన్ సున్, షియావోఊ టాంగ్ అనే పరిశోధకులు దీనికో సులువు పట్టుకున్నారు. మంచు లేని బయటి ఫోటోలో, ఆకాశం వదిలేస్తే, దాదాపు ఏ చిన్న ముక్క తీసుకున్నా ఎరుపు, ఆకుపచ్చ, నీలాల్లో ఏదో ఒకటి ఎక్కడో దాదాపు సున్నా ఉంటుంది. అది సున్నాకి ఎంత పైకి లేస్తే అక్కడ మంచు అంత. ఈ లెక్క తెల్ల వస్తువుల దగ్గర తప్పుతుంది, వాటిని కూడా మంచే అనుకుంటుంది. 2015లో అడోబీ తెచ్చిన డీహేజ్ స్లైడర్‌ని ఫోటో మొత్తానికీ లాగినా అంతే, పెద్దావిడ తెల్లచీర మాసిపోతుంది.

అందుకే ఆయన బ్రష్ తీసుకున్నారు. చీరకీ ఆకాశానికీ మాస్క్ కట్టి, మొదటి కొండకి డీహేజ్ బాగా, రెండోదానికి సగం ఇచ్చారు. మూడోది ముట్టుకోలేదు. పని నేర్చుకుంటున్న కుర్రాడు ఆగలేక అడిగాడు: "మూడోదాన్ని ఎందుకొదిలేశారండీ?"

"అది దూరంగా ఉంది కదరా అబ్బాయ్. దగ్గరికి లాగేస్తే లాంచీ వెళ్ళి గుద్దుకోదూ?"

హే బృందం కూడా తమ లెక్కలో మంచుని పూర్తిగా తీసెయ్యలేదు, నూటికి 95 పాళ్ళే తీసింది. దూరం దూరంగా కనపడాలంటే కాస్త మిగలాలన్నది వాళ్ళ మాట. ఈయన ఆ పరిశోధన చదివి ఉండరనే నా నమ్మకం.

తర్వాత నలుపు. ఆల్ట్ కీ నొక్కి స్లైడర్ జరిపితే తెర మొత్తం తెల్లబడి, వివరం చచ్చిపోయే చోట్లు మాత్రం చుక్కలుగా తేలతాయి. లాంచీ గది కిటికీ లోపల మొదటి చుక్క కనపడగానే ఆగారు. కర్వ్‌ని ల్యూమినాసిటీలో, అంటే రంగుల్ని వదిలి వెలుగునీడలకే, వేశారు, లేకపోతే కొండలు చిలకపచ్చకి తిరిగేవి. కొండ అంచు వెంట సన్నటి తెల్లగీత మిగిలితే, అంత పెద్ద ఫోటోలో దాన్ని ఎవరూ చూడరని నేనన్నా వినకుండా చిన్న బ్రష్‌తో ఆ చివరి నుంచి ఈ చివరి దాకా సరిదిద్దారు. షార్పెనింగ్ కూడా ఆల్ట్ నొక్కే: కళ్ళజోడు అంచు, కమ్మీ తెల్లగా వెలిగేదాకా, చెంప నల్లబడేదాకా మాస్కింగ్ పెంచారు. నలుపున్నచోట షార్పెనింగ్ తగలదు.

అన్నిటికంటే నాకు నచ్చింది ఆ తర్వాత చేసిన పని. నునుపైన కొండల ముందు, కాస్త గరుకు మిగిలిన మొహం అతికించినట్టు కనపడుతోంది. ఆయన కొత్త లేయర్ తెరిచి, ఇంతసేపూ తీసిన గ్రెయిన్‌ని కొండల మీద పల్చగా మళ్ళీ చల్లారు. కుర్రాడు నవ్వాడు. ఫోటో మాత్రం ఒక్క ముక్కగా కలిసింది.

కాగితం తెరలా వెలగదు కాబట్టి ప్రింటు కాపీలో నీడల్ని కొంచెం లేపారు. వాట్సాప్ కాపీ వేరే తయారైంది. అక్కడి కుదింపులో సన్న గ్రెయిన్ గళ్ళుగళ్ళుగా మారిపోతుందని, అందులో ఆ లేయర్ ఆపేసి సైజు తగ్గించి పంపారు.