ఆగిన బండి

స్కాట్లండ్ ఉత్తర కొసను చుట్టివచ్చే రోడ్డుకు నార్త్ కోస్ట్ 500 అని పేరుపెట్టి 2015లో ప్రచారం మొదలుపెట్టారు. ఇన్వర్నెస్ కోట దగ్గర బయల్దేరి, పడమటి తీరం వెంట పైకి వెళ్లి, ఉత్తరపు అంచు మీదుగా మళ్లీ ఇన్వర్నెస్ చేరితే 516 మైళ్లు, అంటే సుమారు 830 కిలోమీటర్లు. బ్రిటన్‌లో చదువుకునే, ఉద్యోగాలు చేసే తెలుగువాళ్లు కూడా వేసవిలో క్యాంపర్‌వ్యాన్ అద్దెకు తీసుకుని ఈ దారి పడుతున్నారు. కొందరు ఒంటరిగా, మెడలో బైనాక్యులర్స్ వేసుకుని మరీ వెళ్తారు. డాల్ఫిన్లు, సీళ్లు, నీటికుక్కలు, గద్దలు, దుప్పులు అన్నీ ఆ చుట్టుపక్కల ఉన్న మాట నిజమే. అయితే వాటి కోసమే వెళ్లే ఒంటరి మనిషికి ఆ చుట్టు మొత్తం పూర్తిచేయాలన్న పట్టుదల పనికిరాదని నా వాదన. గిరిప్రదక్షిణ ముగించి, దర్శనం చేసుకోకుండానే బస్సెక్కినట్టు ఉంటుంది ఆ యాత్ర.

ఒంటరితనం సంగతే ముందు చూద్దాం. పడమటి తీరంలో చాలాచోట్ల రోడ్డు ఒక్క బండి పట్టేంతే ఉంటుంది. ఎదురుగా ఎవరైనా వస్తే ‘పాసింగ్ ప్లేస్’ అని బోర్డు పెట్టిన వెడల్పు చోట ఒదిగి దారివ్వాలి. ఆపిల్‌క్రాస్‌కు పోయే కనుమదారి మెలికలు తిరుగుతూ 626 మీటర్ల ఎత్తుకు ఎక్కుతుంది. నేర్చుకుంటున్నవాళ్లూ, బాగా పెద్ద బండ్లూ ఇటు రావద్దని మొదట్లోనే హెచ్చరిక ఉంటుంది. అలాంటి చోట స్టీరింగ్ పట్టుకుని ఆకాశంలో గద్దను వెతకడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. పక్క సీట్లో తోడుంటే నడపడం, చూడటం రెండూ ఒకేసారి సాగుతున్నాయని అనిపిస్తుంది. ఒంటరికి ఆ వెసులుబాటు లేదు. నడపాలి, లేదా చూడాలి. నాలుగు కళ్లు రెండు కళ్ల కన్నా ఎక్కువ చూస్తాయని ఎవరైనా అంటే కాదనను, కానీ ఆ నాలుగు కళ్లతో పాటు రెండు నోళ్లు కూడా వస్తాయి.

చూడాలంటే ఆగాలి. ఆగితే ఎక్కడ ఆగాలి, ఎప్పుడు ఆగాలి? ఇక్కడే జంతువులు మన పని తేలిక చేస్తాయి, ఎందుకంటే వాటికి వేళలున్నాయి. ఇన్వర్నెస్‌కు దగ్గర్లోనే బ్లాక్ ఐల్‌లో చానన్రీ పాయింట్ అనే సన్నని ఇసుక ముక్కు సముద్రంలోకి చొచ్చుకుపోయి ఉంది. సముద్రం పోటు ఎత్తుకునేటప్పుడు నదుల వైపు వెళ్లే సాల్మన్ చేపలు ఆ ఇరుకులోంచే పోవాలి. డాల్ఫిన్లు ఆ వేళకు వచ్చి కాపు కాస్తాయి, ఒక్కోసారి ఒడ్డుకు మరీ దగ్గరగా. ఆటు మొదలయ్యాక వచ్చి, ఇరవై నిమిషాలు నిలబడి, ఏమీ లేదని పోయేవాళ్లు తప్పు చోటుకు రాలేదు, తప్పు గంటకు వచ్చారు. పడమటి తీరంలో నీటికుక్కలది దీనికి తిరగేసిన లెక్క. మన గోదావరి, కృష్ణ నీటికుక్కలకు దూరపు చుట్టాలే అయినా ఇవి ఉప్పునీళ్లలో వేటాడతాయి, పట్టపగలే తిరుగుతాయి. ఆటుకు నీళ్లు తగ్గి సముద్రపు నాచు పైకి తేలినప్పుడు చేపలూ పీతలూ వాటికి తేలిగ్గా అందుతాయి. ఇంకో ఆనవాలు కూడా ఉంది. ఉప్పు పేరుకుంటే వాటి బొచ్చు చలిని ఆపలేదు కనుక మంచినీళ్లలో కడుక్కుని తీరాలి. కాబట్టి చిన్న వాగు వచ్చి సముద్రంలో కలిసేచోట, ఆటు వేళ, రెండు మూడు రోజులు వరసగా కూర్చున్నవాళ్లకు అవి కనిపించే అవకాశం తీరమంతా చుట్టేసినవాళ్ల కన్నా చాలా ఎక్కువ. ఇలా వెళ్లేవాళ్లు మ్యాపు కన్నా ముందు ఆటుపోట్ల పట్టిక సంపాదించుకోవాలి.

ఆగిన వ్యాన్ మంచి మాటు కూడా. పులికాట్ సరస్సు మీదుగా శ్రీహరికోటకు పోయే రోడ్డు మీద ఫ్లెమింగోలను చూసినవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు. కారులో కూర్చున్నంతసేపూ తలవంచి మేసే పక్షులు, తలుపు తీసి మనిషి దిగగానే పక్కకు జరుగుతాయి. పైగా స్కాట్లండ్ ఉత్తరాన జూన్‌లో పగలు దాదాపు 18 గంటలు. తెల్లవారుజామున నాలుగున్నరకల్లా వెలుతురు వస్తుంది, ఆ వేళకు ఏ హోటల్లోనూ టిఫిన్ పెట్టరు. పొయ్యి, పడక వెంట ఉన్నవాళ్లకు ఆ గంటలు అప్పనంగా దొరుకుతాయి. గాలి లేని ఉదయాల్లో మిడ్జ్ అనే నలుసంత పురుగులు గుంపులుగా కమ్ముకుని బయట నిలబడనివ్వవు. అప్పుడు అద్దాల వెనక టీ కాచుకుంటూ చూడటం కన్నా సుఖం లేదు.

ఎంత ఎక్కువ తిరిగితే అంత ఎక్కువ ఎదురుపడతాయి కదా అనే అభ్యంతరం చిన్నదేమీ కాదు. తెల్లతోక గద్దనే తీసుకోండి. బ్రిటన్‌లో ఆఖరిదాన్ని 1918లో షెట్లండ్‌లో కాల్చేశాక, 1975 నుంచి నార్వే గద్ద పిల్లల్ని తెచ్చి రమ్ దీవిలో వదిలారు. పడమటి తీరంలో ఇప్పుడు కనిపించేది ఆ ప్రయత్నం వల్లే. అది ఫలానా గంటకు ఫలానా చోటికి వస్తుందని ఎవరూ చెప్పలేరు. ఇలాంటివాటి విషయంలో అదృష్టం పాత్రను ఒప్పుకుంటాను. కానీ ఎనభై కిలోమీటర్ల వేగంతో పోయే బండికి ఆ అదృష్టం పట్టినా కనిపించేది ఒక పెద్ద రెక్క, ఆ తరవాత మలుపు. దుప్పులైతే రోడ్డు మీదే ఎదురవుతాయి, అదీ మసక వెలుతురులో, బ్రేకు వేసే వ్యవధి లేకుండా. శ్రీశైలం అడవి రోడ్డును మన్ననూరు దగ్గర రాత్రి తొమ్మిదికి ఎందుకు మూసేస్తారో తెలిసినవాళ్లు, గేటు లేని చోట కూడా ఆ నియమం తమకు తాము పెట్టుకోవడం మంచిది.

అక్కడి ఊళ్లవాళ్ల అభ్యంతరం ఇంకా గట్టిది. వ్యాన్లు పాసింగ్ ప్లేసుల్లో తిష్ఠవేస్తున్నాయని, తీరం పాడవుతోందని వాళ్ల ఫిర్యాదు. ఆగమని చెప్పడం ఈ బెడదను పెంచదా? ఎక్కడబడితే అక్కడ ఆగితే పెంచుతుంది. స్కాట్లండ్‌లో 2003 నాటి చట్టం నడిచేవాళ్లకు కొండా తీరం చాలావరకు తెరిచిపెట్టింది. ఆ హక్కు మోటారు బండికి వర్తించదు. కనుక డబ్బు కట్టే క్యాంప్‌సైట్‌లోనే ఆగాలి. చానన్రీ పాయింట్‌కు నడిచిపోయే దూరంలోనే ఒకటుంది. రాత్రికొక ఊరు మారే బండి కన్నా నాలుగు రాత్రులు ఒకేచోట ఉండే బండి ఆ సన్న రోడ్లను తక్కువ ఇరికిస్తుంది, రొట్టె, పాలు కూడా ఆ ఊరి దుకాణంలోనే కొంటుంది. మిగిలిన దారి సంగతేమిటంటారా? అది వేరే సెలవులకు. పఫిన్ అనే సముద్రపు పక్షులు ఆగస్టు మొదట్లోనే గూళ్లు వదిలి సముద్రం మీదికి వెళ్లిపోతాయి. వాటిని చూడాలనుకునేవాళ్లు వచ్చే జూన్‌లో ఉత్తరపు అంచుకే నేరుగా వెళ్లి, డనెట్ హెడ్ దగ్గరే ఆ సెలవులన్నీ గడపవచ్చు.