కనపడకపోవడం వేరు, అందకపోవడం వేరు

సూర్యాపేటలో ఒక డీటీపీ సెంటరు అనుకుందాం. పెళ్లికార్డులు చేసే పాత సిస్టంలో విండోస్ ఎక్స్‌పీ, పేజ్‌మేకర్, అనూ ఫాంట్స్ ఉంటాయి. ఫ్లెక్సీ డిజైన్లు చేసే కొత్త సిస్టంలో విండోస్ 11. ఫైళ్లన్నీ ఒకచోట ఉండాలని మూలన ఒక లైనక్స్ సర్వర్ పెట్టారు. మిర్యాలగూడ రైసుమిల్లులో అయితే ఆ పాత సిస్టం లారీ కాటా పక్కన ఉంటుంది. కాటా ప్రోగ్రాం కొత్త విండోస్ మీద నడవదని దాన్నెవరూ కదిలించరు. కోదాడ ఫొటో స్టూడియోలో ఆల్బం డిజైన్ కోసం ఒక మ్యాక్ కూడా చేరుతుంది. ఏ ఊరి నుంచి ఫోనొచ్చినా మాట ఒక్కటే: "అన్నా, షేరింగ్ వస్తలేదు."

ఆ ఒక్క మాట వెనక కనీసం నాలుగు రకాల లోపాలుంటాయి. కేబుల్ దగ్గరే లైను తెగి ఉండొచ్చు. లైను బాగానే ఉన్నా సిస్టం పేరు నెట్‌వర్క్ జాబితాలో కనపడకపోవచ్చు. పేరు కనపడినా రెండింటికీ తెలిసిన ప్రోటోకాల్ ఒక్కటీ లేకపోవచ్చు. అదీ కుదిరాక పాస్‌వర్డ్ దగ్గరో ఫోల్డరు అనుమతి దగ్గరో పని ఆగిపోవచ్చు. వీటిలో ఏది ఏదో విడదీయగలిగితే రిపేరు సగం అయిపోయినట్టే. ఇలా విడదీసే వీలును తన నిర్మాణంలోనే పెట్టుకున్న సాఫ్ట్‌వేర్ సాంబా. లైనక్స్ మెషీన్‌ను విండోస్ ఫైల్ సర్వర్‌లా పనిచేయించేది అదే. నాకు తెలిసిన సాఫ్ట్‌వేర్లలో ఇంత ఓపికగా కట్టినవి తక్కువ.

1991 చివర ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే పీహెచ్‌డీ విద్యార్థి తన డాస్ పీసీ నుంచి యూనిక్స్ మెషీన్ మీది ఫైళ్లు తెరవాలనుకున్నాడు. దానికి కావలసిన ప్రోటోకాల్‌ను వివరించే పత్రాలేవీ ఆయన చేతిలో లేవు. అందుకని తీగ మీద పోయే ప్యాకెట్లను పట్టి చూస్తూ, ఏ ప్రశ్నకు ఏ జవాబు వస్తోందో గమనిస్తూ సొంతంగా సర్వర్ రాశాడు. 1992 జనవరిలో దాన్ని అందరికీ ఇచ్చాడు. ఈ పద్ధతిని ఆయనే తర్వాత ఒక పోలికతో వివరించాడు: ఫ్రెంచి రానివాడు ఒక కాఫీ హోటల్లో కూర్చుని, ఎవరేం అడిగితే సర్వర్ ఏం తెచ్చిపెడుతున్నాడో చూస్తూ భాష నేర్చుకోవడం లాంటిదట. జెరెమీ అలిసన్, వోల్కర్ లెండెకె వంటివాళ్లు ఆ పనిలో చేరి ఏళ్ల తరబడి నిలిచారు. యూరోపియన్ కమిషన్‌తో మైక్రోసాఫ్ట్ కేసు తేలాక, 2007 డిసెంబరులో 10,000 యూరోలకు ప్రోటోకాల్ పత్రాలు దొరికాయి. అప్పటికి పదిహేనేళ్లుగా సాంబా ఆ పత్రాలు లేకుండానే నడిచింది.

ఊహతో రాసిన ప్రోగ్రాం అన్నేళ్లు ఎలా నిలబడింది? జవాబు దాని పరీక్షల్లో ఉంది. సాంబాతో పాటు జెన్‌టెస్ట్ అనే పనిముట్టు వస్తుంది. ఒక పక్క అసలు విండోస్ సర్వర్‌ను, రెండో పక్క సాంబాను పెట్టుకుని, యాదృచ్ఛికంగా పుట్టించిన ఒకే ఆజ్ఞల వరసను రెండింటికీ పంపుతుంది: ఫైలు తెరువు, ఇంత రాయి, పేరు మార్చు, తుడిచెయ్. ఎక్కడైనా రెండు జవాబులు కలవకపోతే ఆగిపోతుంది. అప్పుడు మొదలవుతుంది అసలు పనితనం. ఆ వరసలోంచి ఆజ్ఞలు తీసేస్తూ, మళ్లీ నడిపి చూస్తూ, తేడాను చూపించగల అతి చిన్న వరస మిగిలేదాకా వెళ్తుంది. వేల ఆజ్ఞల్లో ఎక్కడుందో తెలియని తప్పు చివరికి నాలుగైదు ఆజ్ఞల్లో బయటపడుతుంది. ఫైలు లాకుల కోసం లాక్‌టెస్ట్, నక్షత్రం గుర్తుతో ఫైళ్లు వెతికే తీరు కోసం మాస్క్‌టెస్ట్ ఇదే దారిలో రాసినవి. పత్రం ఏం చెబుతుందన్న దానికంటే, ఎదుటి సిస్టం నిజంగా ఏం చేస్తోందన్నదే వీళ్లకు ప్రమాణం.

అదే బుద్ధి వాడేవాళ్లకిచ్చిన చెక్‌లిస్టులోనూ ఉంది. ముందు టెస్ట్‌పార్మ్‌తో సెట్టింగుల ఫైల్లో రాత తప్పులేమైనా ఉన్నాయేమో చూడాలి. తర్వాత రెండు వైపుల నుంచీ పింగ్. ఆపైన ఎస్‌ఎంబీక్లయింట్‌తో సర్వర్ తన షేర్ల జాబితా ఇస్తోందా అని అడగాలి. అప్పుడు పేర్ల సంగతి, దాని తర్వాత ఒక షేర్‌లోకి లాగిన్. విండోస్ సిస్టం ముందు కూర్చోవడం వీటన్నిటి తర్వాతే. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో కనపడుతోందా అన్న ప్రశ్న చిట్టచివరిది. మనలో చాలామంది మొదట చేసే పని అదే, అక్కడే గంటలు పోతాయి.

కనపడటం అన్నది అంతగా నమ్మదగని సాక్ష్యం. పాత విండోస్‌లో నెట్‌వర్క్ సిస్టంల జాబితా, విండోస్ ఫైల్ షేరింగ్ ప్రోటోకాల్ అయిన ఎస్‌ఎంబీ పాత వెర్షన్ ఎస్‌ఎంబీ 1 మీద ఆధారపడి ఉండేది. 2017 మేలో వనాక్రై అనే రాన్సమ్‌వేర్ ఆ ఎస్‌ఎంబీ 1లోని లోపం గుండానే ప్రపంచమంతా పాకింది, ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లనూ తాకింది. ఆ ఏడాది చివర వచ్చిన విండోస్ 10 కొత్త ఇన్‌స్టాలేషన్లలో ఎస్‌ఎంబీ 1 పెట్టడం మానేశారు. దాంతోపాటే పాత జాబితా పోయింది. ఇప్పుడు లైనక్స్ సర్వర్ పేరు విండోస్‌లో కనపడాలంటే డబ్ల్యూఎస్‌డీడీ అనే చిన్న ప్రోగ్రాం పక్కన నడపాలి. అది లేకపోయినా అడ్రస్ బార్‌లో రెండు వెనక గీతలు, ఐపీ నంబరు కొడితే ఫోల్డరు తెరుచుకుంటుంది.

పాస్‌వర్డ్ సంగతికొస్తే, సాంబాకు లైనక్స్ పాస్‌వర్డ్ సరిపోదు. తన జాబితాలో విడిగా ఎక్కించాలి, దానికే ఎస్‌ఎంబీపాస్‌డబ్ల్యూడీ అనే కమాండ్. పాస్‌వర్డ్ లేకుండా అందరికీ తెరిచిన గెస్ట్ ఫోల్డర్లను విండోస్ 11 ప్రో 24హెచ్2 ఒప్పుకోవడం మానేసింది. నిన్నటిదాకా నడిచిన షేరింగ్ అప్‌డేట్ తర్వాత ఆగిందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

ఇక మన భాషకే ప్రత్యేకమైన చిక్కులు రెండున్నాయి. లైనక్స్ ఎక్స్‌ట్4 డిస్కు మీద ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ ఒక్కోటి 3 బైట్లు, శ్రీ అన్న ఒక్క అక్షరానికే 12. విండోస్‌లో ఆ 255 లెక్క బైట్లది కాదు, యూటీఎఫ్-16 యూనిట్లది. కాబట్టి వధూవరుల పేర్లు, ఊళ్లు, తేదీ అన్నీ కలిపి పెట్టిన పెళ్లి ఫైలు విండోస్‌లో భేషుగ్గా ఉండి, సర్వర్‌కు కాపీ కాదు. అనుమతి లోపం అనుకుని అక్కడ వెతికితే దొరకదు, పేరు కుదించాలి. రెండోది ఐత్వం. పాత మ్యాక్‌ల హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ డిస్కు ఫైలు పేర్లను విడగొట్టి దాచుకుంటుంది. తెలుగు గుణింతాల గుర్తుల్లో అలా రెండుగా విడిపోయేది ఐత్వం ఒక్కటే. ఆ మ్యాక్ నుంచి ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రాంతో సర్వర్‌కు పంపిన సైదులు ఆల్బం, విండోస్‌లో టైప్ చేసిన సైదులు ఆల్బం తెర మీద ఒక్కలాగే ఉంటాయి. లైనక్స్‌కు మాత్రం అవి రెండు వేర్వేరు పేర్లు. మ్యాక్‌ల తీరుతెన్నుల కోసం రాల్ఫ్ బోమె రాసిన ఫ్రూట్ మాడ్యూల్ 2015లో సాంబా 4.2తో వచ్చింది. అయితే ఆర్‌సింక్ సాంబా గుండా వెళ్లదు కాబట్టి ఇక్కడ ఆ మాడ్యూల్ అక్కరకు రాదు.

కాటా పక్కనున్న ఎక్స్‌పీకి ఎస్‌ఎంబీ 1 తప్ప మరోటి రాదు. 2019లో వచ్చిన 4.11 నుంచి సాంబా కూడా దాన్ని ముందుగానే ఆపి ఉంచుతోంది. సాంబా సెట్టింగుల ఫైల్లో సర్వర్ మిన్ ప్రోటోకాల్ అన్న చోట ఎన్‌టీ1 అని రాస్తే మళ్లీ ఒప్పుకుంటుంది, విండోస్ 11తో మాత్రం ఎస్‌ఎంబీ 3లోనే మాట్లాడుతుంది. పాస్‌వర్డ్ దగ్గర ఎక్స్‌పీ మొరాయిస్తే సాంబాను సడలించడం నాకు ఇష్టముండదు. ఎక్స్‌పీ రిజిస్ట్రీలో ఎల్‌ఎం కంపాటిబిలిటీ లెవెల్‌ను 3 చేస్తే అది ఎన్‌టీఎల్‌ఎం రెండో వెర్షన్‌లో జవాబిస్తుంది. ఆ ఎక్స్‌పీకి ఇంటర్నెట్ పూర్తిగా తీసేయాలి. సాంబా సెట్టింగుల్లోని హోస్ట్స్ అలవ్‌లో మిల్లు సిస్టంల ఐపీలు మాత్రమే ఉంచాలి, కాటా సిస్టంకు తన ఫోల్డరు తప్ప మరేదీ తెరవకూడదు.