తెలుగున క్రైస్తవ సిద్ధాంత పరిభాష: ఒక విమర్శ

ఒక మతము అన్యభాషా ప్రాంతమున నిలుచుటకు మొదట కావలసినది పదసంపద. దేవుడు, పాపము, రక్షణ, కృప అను మాటలు వినువాని చెవికి చేరినపుడు అతని మనస్సున ఏ భావము మేల్కొనునో, ఆ భావముననుసరించియే సిద్ధాంతము అతనికి అర్థమగును. క్రైస్తవ సిద్ధాంతములు హీబ్రూ భాషలో బీజప్రాయములై, గ్రీకున రూపము దాల్చి, లాటినున శాస్త్రముగ ఏర్పడినవి. అవి తెలుగునకు వచ్చునాటికి తెలుగు మాటలు శూన్యపాత్రలుగ లేవు. వేదాంతము, శైవవైష్ణవ భక్తి, ధర్మశాస్త్రము, శతక నీతి ఆ మాటలను అంతకుముందే నింపియున్నవి. అనువాదకులు ఏ మాటను గైకొనిరి, ఏ మాటను విడిచిరి, దానివలన కలిగిన లాభనష్టములెట్టివి అను ప్రశ్న ఇచట విమర్శనీయాంశము.

ఈ పరిభాషకు ఆదియందు రెండు పాయలు కలవు. మొదటిది కతోలికుల పాయ. 18వ శతాబ్దమున కర్ణాటక మిషను అను పేర పుదుచ్చేరి నుండి బయలుదేరిన ఫ్రెంచి జెసూటు గురువులు తెలుగు, కన్నడ సీమల సరిహద్దులలో నివసించి, తెలుగు నేర్చి, వ్యాకరణములను నిఘంటువులను కూర్చిరి. ఆ శతాబ్దముననే మంగళగిరి ఆనందకవి 'వేదాంత రసాయనము' అను పద్యకావ్యమున క్రైస్తవ తత్త్వమును ప్రబంధ భాషలో చెప్పెను. ఆ కావ్యనామముననే ఆ పాయ స్వభావము కానవచ్చుచున్నది: వేదాంతమను దేశీయ పదమును వదలక, దానియందే నూతనార్థమును పోయుట.

రెండవది ప్రొటెస్టంటుల పాయ. చెన్నపట్టణమున తెలుగువారి నడుమ పనిచేసిన బెంజమిన్ షుల్జ్ 1732 నాటికి బైబిలు తెనిగింపును ముగించెను గాని అది అముద్రితముగనే నిలిచెను. జర్మనీలోని హాలె నగరమున 1746-47 ప్రాంతమున లూథరు లఘు ప్రశ్నోత్తరి తెలుగు లిపిలో అచ్చుపడెను. పిమ్మట విశాఖపట్టణమున దెగ్రాంజ్, ఆనందరాయరు అనువారి కృషి ఫలితముగ మూడు సువార్తలు 1812లో శ్రీరామపురమున ముద్రితములైనవి. 1818లో ప్రిచెట్ అనువదించిన క్రొత్త నిబంధన చెన్నపట్టణమున వెలువడెను. ఈ తొలి ముద్రణములకు ఆటపట్టులు చెన్నపట్టణము, శ్రీరామపురము, హాలె నగరములగుట గమనింపదగినది. తెలుగు క్రైస్తవ భాష పుట్టుకయందు బయటి తెలుగువారికిని, తెలుగు నేర్చిన పరదేశీయులకును గల పాలు స్వల్పము కాదు.

ఇక సిద్ధాంతముల జోలికి పోవలెను. వానిలో మొదటిది దేవుని ఏకత్వ త్రిత్వములను గూర్చినది. క్రీ.శ. 325లో నిసియా సభయందును, 381లో కాన్‌స్టాంటినోపులు సభయందును స్థిరపడిన ఈ సిద్ధాంతము సారమున ఒకటి, వ్యక్తులు ముగ్గురు అని చెప్పుచున్నది. తెలుగు శ్రోతకు మువ్వురనగానే త్రిమూర్తులు స్ఫురింతురు. సృష్టిస్థితిలయములను పంచుకొను త్రిమూర్తి భావన వేరు. ఒకే సారము గలిగి పరస్పర సంబంధముచే మాత్రమే వేరుపడు తండ్రి, కుమారుడు, ఆత్మ అను భావన వేరు. ఈ భ్రమను తొలగించుటకు 'త్రిమూర్తి' పదమును ఇరువాగులవారును విడిచిరి. 'త్రిత్వము' అను మాట మూడను సంఖ్యను మాత్రమే చెప్పును. ప్రొటెస్టంటు వాడుకలోని 'త్రియేక దేవుడు' అను సమాసము సంస్కృత వ్యాకరణ దృష్టికి కొంత కొత్తగ తోచినను, మూడును ఒకటియు ఒకే మాటలో ఇమిడియుండుటచే సిద్ధాంతమునకు దగ్గరగ నున్నది. 'వ్యక్తి' అను మాట మాత్రము నేటికిని చిక్కుగనే యున్నది. నేటి తెలుగున వ్యక్తి యనగా విడివిడిగ తిరుగు మనుష్యుడు. సంస్కృతమున ఆ పదమునకు ప్రకటమగుట అను అర్థము కలదు. ఈ పూర్వార్థమును బోధకుడు విప్పి చెప్పనిచో శ్రోత ముగ్గురు దేవుళ్లనియే తలచును.

రెండవది నరావతార సిద్ధాంతము. 451లో కాల్సిడోను సభ క్రీస్తు సంపూర్ణ దేవుడు, సంపూర్ణ మనుష్యుడు అనియు, రెండు స్వభావములును కలిసిపోక, విడిపోక ఒక్క వ్యక్తియందున్నవనియు నిర్ణయించెను. తెలుగున అవతారమను మాట సిద్ధముగ నుండెను. కతోలికులు దానికి 'మనుష్య' శబ్దమును చేర్చి మనుష్యావతారమనిరి. ప్రొటెస్టంటు బైబిలు అనువాదకులు దానిని తప్పించి 'శరీరధారి' యను మాటను నిలిపిరి. అవతారములు పలుమార్లు కలుగునవి. కార్యము ముగియగనే అవతారము చాలింపబడును. క్రైస్తవమున ఇది ఒక్కసారియే జరిగినది. ధరించిన మనుష్యత్వము తిరిగి విడువబడలేదు. ఈ భేదమును పాటింపదలచిన అనువాదకుల జాగ్రత్త మెచ్చదగినదే. ఐనను 'శరీరధారి' మాటయందును లోపము లేకపోలేదు. ధరించినదానిని విడువవచ్చును, శరీరము చినిగిన వస్త్రము వంటిదను దేశీయ భావన ఆ మాటను వెన్నంటియే వచ్చును. అవతారమను మాట పదేపదే యను శంకను, ధారియను మాట పైపైనే యను శంకను కల్పించుచున్నవి. ఒకదాని లోపమును మరియొకటి చూపుటచే రెండును నిలిచియుండుట మేలు.

మూడవది పాప సిద్ధాంతము. తెలుగున పాపమునకు జంటమాట పుణ్యము. ఈ జంట లెక్కల చిట్టా వంటిది. ఒకవైపు తగ్గిన రెండవవైపు పెంచవచ్చును. క్రైస్తవమున పాపమునకు ఎదురుమాట పుణ్యము కాదు, విశ్వాసము. పాపము చేసిన పనులకు ముందే మానవుడు దేవునికి విముఖుడై యుండు స్థితి. ఈ స్థితిని చెప్పుటకు ఏర్పడిన 'జన్మపాపము' అను మాట మిక్కిలి అపాయకరమైనది. పూర్వజన్మమున చేసిన పాపమని తెలుగు శ్రోత సులభముగ పొరబడును. ఆదాము మొదలుకొని మానవజాతికంతకు సంక్రమించినదను అర్థమునకును, ఒక్కొక్క జీవుని సొంత కర్మఫలమను అర్థమునకును పొత్తు లేదు. ఒకటి మానవులనందరిని ఒకే వరుసలో నిలుపును; రెండవది పుట్టుకలోని ఎక్కువ తక్కువలకు కారణము చెప్పును. మాల, మాదిగ వాడలనుండి సంఘములలో చేరినవారికి ఈ భేదము పండిత చర్చగ మిగులలేదు. తమ హీనస్థితి తమ పూర్వకర్మ ఫలమని తరతరములుగ విన్నవారికి, రాజును పాలేరును ఒకే పాపమునకు లోబడినవారే, ఒకే కృపకు అర్హులే యను మాట వేరొక నేలను చూపినది.

నాలుగవదియు, ముఖ్యమైనదియు కృపా సిద్ధాంతము. ఇచట రెండు పాయలును ఎంత దూరముగ ప్రవహించినవో ఒక్క మాటచే తెలియును. కతోలికులు 'వరప్రసాదము' అందురు. ప్రొటెస్టంటులు 'కృప' యందురు. వరము ఇచ్చునది, ప్రసాదము చేతికందునది. కావున వరప్రసాదమనగా దేవునినుండి మానవునిలోనికి వచ్చి నిలిచి వానిని మార్చు ఈవి. కృప యనగా ఇచ్చువాని హృదయమున నుండు దయాదృష్టి. 16వ శతాబ్దమున ఐరోపా ఖండమును చీల్చిన వాదము సరిగ ఇదియే. కృప మానవునిలో పోయబడిన గుణమా, లేక మానవునిపై దేవునికి గల అనుగ్రహమా యను ప్రశ్నకు రెండు తెలుగు మాటలు రెండు ఉత్తరములైనవి. అనువాదకులు తలచి చేసినను, తలపక చేసినను, మాటలు తమ సంఘముల పక్షము వహించినవి.

దీనికి అనుబంధమైనది నీతిమంతునిగ తీర్చబడుట. 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన నాలుగవ అధికరణమున మానవుడు తన క్రియలచే గాక, క్రీస్తు నిమిత్తము విశ్వాసము ద్వారా నీతిమంతుడుగ ఎంచబడునని చెప్పబడినది. తెలుగు బైబిలున వాడిన 'తీర్చు' అను క్రియ అద్భుతముగ పొసగినది. తీర్చు, తీర్పు ఒకే ధాతువు బిడ్డలు. న్యాయస్థానమున తీర్పు చెప్పుటయు, ముగ్గు తీర్చినట్లు చక్కదిద్దుటయు రెండర్థములును ఆ క్రియకు కలవు. లూథరు పక్షమువారు మొదటి అర్థమును, కతోలికులు రెండవ అర్థమును ప్రధానముగ గొనిరి. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్ నగరముననే ఉభయ పక్షములును ఈ విషయమున ఉమ్మడి ప్రకటనపై సంతకములు చేసినవి. ఆ రెండు భావములకు చోటిచ్చిన మాట తెలుగున అంతకు మునుపే యుండుట గమనింపదగినది.

కాని 'నీతి' యను మాట విషయమున తెలుగు అనువాదము అంత అదృష్టము నోచుకొనలేదు. సుమతి శతకము మొదలు చిన్నయసూరి నీతిచంద్రిక వరకు నీతి యనగా లోకమున నడవవలసిన తీరు. దేవుని నీతి యనగానే తెలుగు పాఠకునికి దేవుడు చెప్పిన సూక్తులు తోచును. పౌలు పత్రికలలో ఆ మాటకు దేవుడు తన మాట నిలుపుకొని మానవుని తనతో సరియైన సంబంధమున నిలుపుట అను అర్థము ప్రధానము. ఈ తారుమారువలన ఉచితముగ లభించునదని చెప్పదలచిన వాక్యము కష్టపడి ఆర్జింపవలసినదని వినబడును. ప్రసంగములు తరచుగ నీతిబోధలుగ మారుటకు ఈ ఒక్క పదమును కొంత కారణమనుట అతిశయోక్తి కాదు.

కృపను గూర్చిన చర్చ దక్షిణదేశమునకు కొత్తది కాదు. శ్రీవైష్ణవులలో వడగలై, తెంగలై భేదము మర్కట మార్జాల న్యాయములతో చెప్పబడుచున్నది. కోతిపిల్ల తల్లిని తానే పట్టుకొనును. పిల్లికూనను తల్లియే కరచుకొని పోవును. తమిళదేశమున స్థిరపడిన తెలుగువారికి ఈ వాదము ఇరుగుపొరుగుననే వినబడినది. క్రైస్తవ బోధకులు దీనిని ఉపమానముగ వాడుకొనినచో మేలు కలుగును. కాని సాదృశ్యము ఒక మేరవరకే. క్రైస్తవమున కృపకు సిలువ యను చారిత్రక సంఘటన మూలము. అది లేక కృపకు అర్థము లేదు.

ఐదవది ప్రాయశ్చిత్త సిద్ధాంతము. ధర్మశాస్త్రమున ప్రాయశ్చిత్తము దోషి తాను చేసికొనవలసినది. క్రైస్తవమున అది దోషికై నిర్దోషి చేసినది. మాట ఒకటే, కర్త మారినాడు. ఈ తలక్రిందును సరిదిద్దుటకు 'విమోచన క్రయధనము' అను మాట తోడ్పడినది. వెలయిచ్చి విడిపించుట అప్పులకు తాకట్టుపడిన కుటుంబములకు వ్యాఖ్యానము లేకయే తెలియు సంగతి. 1876-78 క్షామకాలమున ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ బకింగ్‌హాం కాలువ పనిని గుత్తకు గొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించెను. 1878 జులై 3న ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆకలియే వారిని చేర్చినదని కొందరు, విశ్వాసమే చేర్చినదని కొందరు వాదింతురు. ఆ జనుల జీవితమున అన్నమును విడుదలయు వేరువేరు అరలలో లేవనునది ఈ వాదములు రెండును మరచు విషయము.

బాప్తిస్మమను గ్రీకు మాటను ప్రొటెస్టంటులు అట్లే ఉంచిరి. కతోలికులు 'జ్ఞానస్నానము' అనిరి. తమిళమున ఉభయులును జ్ఞానస్నానమనియే చిరకాలము వాడియుండగ, తెలుగున మాట చీలినది. పితృ పుత్ర పవిత్రాత్మ యని ఒకరు, తండ్రి కుమార పరిశుద్ధాత్మ యని ఒకరు చెప్పుచున్నారు. ఒకే ఊరిలో రెండు గుడులు ఒకే సిద్ధాంతమును రెండు పరిభాషలలో చెప్పుట భాషకు సంపదయే గాని సంఘములకు దూరము. 'పునరుత్థానము' విషయమున మాత్రము ఇరువురును ఏకమైరి. పునర్జన్మకు భిన్నముగ, అదే మనుష్యుడు తిరిగి లేచుట యను భావమును ఆ పదము స్పష్టముగ పలుకును.

పండితులు వెదకిన మాటలకు ప్రాణము పోసినవారు కీర్తనకారులు. వారిలో అగ్రగణ్యుడు పురుషోత్తమ చౌదరి (1803-1890). వంగదేశ మూలము గల బ్రాహ్మణ కుటుంబమున, పర్లాకిమిడి ప్రాంతమున పెరిగి, ఓఢ్రదేశముతో సంబంధము విడువని ఈ కవి సిద్ధాంతమును రాగతాళములతో తెలుగువారి నోట నిలిపెను. పల్లవి ఒక సత్యమును చెప్పును. చరణములు దానిని అనుభవముగ మార్చును. సిద్ధాంత గ్రంథమున ముగ్గురు వ్యక్తులు, రెండు స్వభావములు అని విభజించి చెప్పినదానిని కీర్తన 'నీవు' అను ఒక్క పిలుపుతో కలుపును. ఇందు నష్టమును కలదు: కీర్తనలో పరిభాష సడలును. ఐనను చదువురాని భక్తునికి సిద్ధాంతమును కంఠస్థము చేసిన పాఠశాల అదియే. 20వ శతాబ్దమున జాషువ 'క్రీస్తు చరిత్ర'ను పద్యకావ్యముగ రచించి 1964లో సాహిత్య అకాడమీ పురస్కారము నందెను. చౌదరి గుడిలో పాడించిన కథను జాషువ గుడిబయటి సాహిత్యలోకమున నిలిపెను.

ఈ విమర్శవలన తేలునది ఇది. తెలుగు క్రైస్తవ పరిభాష పరాయి సరుకు కాదు; దోషరహితమును కాదు. త్రియేక, తీర్చు, పునరుత్థానము అను మాటలు బరువును చక్కగ మోసినవి. నీతి, వ్యక్తి, జన్మపాపము అను మాటలు ప్రతి తరమునకును విప్పి చెప్పవలసినవి. బరంపురమునను, చెన్నైలోను, బెంగుళూరునను, ముంబయిలోను స్థిరపడిన తెలుగు క్రైస్తవ కుటుంబములలో ఈ కర్తవ్యము మరింత బరువైనది. పాఠశాలలో తెలుగు నేర్వని బాలునికి బైబిలును కీర్తనల పుస్తకమును మాత్రమే తెలుగు గ్రంథములుగ మిగులు ఇండ్లు కలవు. అట్టి బాలుడు మాటను పలుకగలిగి అర్థమును ఎరుగనిచో అతనికి భాషయు దక్కదు, విశ్వాసమును దక్కదు. పాటతోపాటు పదమునకు అర్థము చెప్పు పెద్దలు ప్రతి సంఘమున నుండవలెను. మూడు శతాబ్దములు అనువాదకులును కవులును పడిన శ్రమకు చెల్లింపవలసిన ఋణము అదియే.