నిమిషం నిండా లెక్కపెట్టిన ఊపిరి

తన ఊపిరి లెక్కపెడుతున్నారని తెలిస్తే రోగి ఊపిరి తీరే మారిపోతుంది. అందుకే పని తెలిసిన నర్సు నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని, చూపు మాత్రం ఛాతీ మీద నిలుపుతుంది. పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చవేయదు, నిండు నిమిషం లెక్కపెడుతుంది. వార్డు కిక్కిరిసినప్పుడు కేస్ షీట్ల మీద వరసగా 20, 20 అని పడిపోయే గడి ఇదే. ఆ గడిలో నిజంగా లెక్కపెట్టి 28 అని రాసిన నర్సును నేను గొప్ప పనిమంతురాలంటాను. నాడి, రక్తపోటు ఇంకా కుదురుగా ఉండగానే చాలాసార్లు ఊపిరి వేగం ముందు చెడుతుంది.

కర్నూలు సర్వజన వైద్యశాలకైనా, కడప రిమ్స్‌కైనా ఈ నేల బతుకంతా ఆయాసం రూపంలో వచ్చి చేరుతుంది. బేతంచెర్ల నాపరాళ్ల పాలిషు దుమ్ము, మంగంపేట ముగ్గురాయి గనుల దుమ్ము, ఆదోని జిన్నింగు మిల్లుల దూది నలుసులు. పత్తికట్టె, కందికంప మంట పెట్టి ముప్పై నలభై ఏళ్లు వండిన ఆడవాళ్లు. రాత్రి నేలమీద పడుకుని కట్లపాము కాటుకు గురైన రైతులు. ‘ఊపిరాడ్డంల్యా సిస్టరమ్మా’ అన్న మాట అందరి నోటా ఒకటే కావచ్చు. వెనకున్న కారణాలు మాత్రం వేరు, వాటిని విడదీయడంలోనే పనితనం ఉంది.

కట్లపాము సంగతి చూడండి. కాటు దగ్గర నొప్పి, వాపు దాదాపు ఉండవు. తెల్లవారేసరికి కడుపునొప్పి, ఆ తర్వాత రెప్పలు వాలిపోవడం. నర్సు మంచం పక్కన నిలబడి ‘దిండు మీంచి తల ఎత్తు నాయనా’ అంటుంది. ఎత్తలేకపోతే మెడ కండరాలు సడలుతున్నాయన్నమాట, ఊపిరి కండరాల వంతు దగ్గర్లోనే ఉంది. ‘గట్టిగా పీల్చి, ఒక్క దమ్ములో ఒకటి రెండు లెక్కపెట్టు’ అంటుంది. గంట కిందట 25 దాకా వెళ్లిన మనిషి ఇప్పుడు 12 దగ్గరే ఆగిపోతే ఆమె డాక్టరు కోసం పరుగెత్తుతుంది. ఆ సమయంలో వేలికున్న ఆక్సిమీటరు 98 చూపిస్తూ ఉండవచ్చు. ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు కదా, ఆ అంకె నిలబడే ఉంటుంది. లోపల పేరుకుంటున్న కార్బన్ డయాక్సైడ్ ఆ పరికరానికి తెలియదు. తెలియాలంటే ధమని నుంచి నెత్తురు తీయాలి. వార్డుల్లో ఏబీజీ అనేది దాన్నే.

చాలా చోట్ల ఆ సూది గుచ్చేది డాక్టరే, ఐసీయూల్లో చెయ్యి తిరిగిన నర్సులూ తీస్తారు. ముందు రోగిని పిడికిలి బిగించమని చెప్పి, మణికట్టు దగ్గరి రెండు ధమనులూ నొక్కి, చిటికెన వేలి వైపుది వదిలి, పాలిపోయిన అరచేతికి రంగు తిరిగొస్తుందో లేదో చూస్తారు. రంగు వస్తేనే రెండో ధమని చేతిని కాపాడుతుందని నమ్మకం. మణికట్టు కింద చుట్టిన తువ్వాలు, వేలి కొస కింద నాడి, ఏటవాలుగా సూది. సరిగ్గా పడితే నెత్తురు దానంతటదే ఉబికి సిరంజిలోకి ఎక్కుతుంది. గాలిబుడగ మిగిలితే అంకెలు అబద్ధమాడతాయి, వెంటనే బయటికి నెట్టాలి. హెపారిన్ ఎక్కువైనా లెక్క తప్పుతుంది. సిరంజిని అరచేతుల మధ్య దొర్లించి, అరగంట లోపే మిషను దగ్గరికి చేర్చాలి. గుచ్చిన చోట ఐదు నిమిషాలైనా నొక్కి పట్టాలి. రోగికి అప్పుడు ఎంత ఆక్సిజన్ నడుస్తోందో చీటీ మీద రాయకపోతే ఇంత శ్రమా సగం వృథా.

ఇక చదవడం. ఉదాహరణకి పాము కరిచిన రైతుకీ పొగలో వండిన పెద్దమ్మకీ కార్బన్ డయాక్సైడ్ ఒకటే, 65 వచ్చిందనుకుందాం. ఉండాల్సింది 35 నుంచి 45. రైతు పీహెచ్ 7.22, బైకార్బొనేట్ 26. పెద్దమ్మ పీహెచ్ 7.34, బైకార్బొనేట్ 34. రైతుకి ముంచుకొచ్చింది ఈ రాత్రే, మూత్రపిండాలకు సర్దుకునే వ్యవధి లేదు, గొట్టం వేసి వెంటిలేటరు పెట్టాలి. పెద్దమ్మ ఒళ్లు ఏళ్ల తరబడి సర్దుకుంటూ వచ్చింది. ఈ తేడా ఒకప్పుడు పెద్ద డాక్టర్లకే అందలేదు. 1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో విరుచుకుపడినప్పుడు రోగుల నెత్తుటిలో బైకార్బొనేట్ పెరగడం చూసి క్షారం ఎక్కువైందనుకున్నారు. ఊపిరి చాలక కార్బన్ డయాక్సైడ్ నిలిచిపోతోందని బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు గుర్తించాడు. గొంతులో గొట్టం పెట్టి, వైద్య విద్యార్థులు వంతులవారీగా చేత్తో గాలి సంచి నొక్కుతూ రోగులను బతికించారు. ఐసీయూ అన్నది అక్కడినుంచే పుట్టింది.

పెద్దమ్మకి ఆక్సిజన్ ధారాళంగా పెడితే మేలు కాదు, కీడే జరగవచ్చు. ఆక్సిమీటరు మీద ఆమెకు 88 నుంచి 92 చాలు. మధ్యాహ్నం దాకా ఎగపోస్తూ కూర్చున్న మనిషి సాయంత్రానికి నెమ్మదించి మగతలోకి జారితే ఇంటివాళ్లు ‘కాస్త నిద్రపట్టింది’ అని సంతోషిస్తారు. మంచి నర్సు భుజం తట్టి లేపుతుంది, పేరడుగుతుంది, చేతులు చాపి మణికట్లు పైకెత్తమంటుంది. ఆ చేతులు నిలవక కిందికి జారి జారి లేస్తుంటే అది నిద్ర కాదు.

వెంటిలేటరు మీదున్న రైతు దగ్గర మరో పనితనం కనిపిస్తుంది. కట్లపాము విషం నరాల కొసలను దెబ్బతీస్తుంది, అవి కోలుకోవడానికి రోజులు పడతాయి. కనురెప్ప కూడా కదలదు గానీ తెలివి ఉంటుంది, చెవులు వింటుంటాయి. అందుకే గొట్టం శుభ్రం చేసే ముందు, పక్కకు తిప్పే ముందు ‘నాయనా, ఇప్పుడిది చేస్తాను’ అని చెప్పే నర్సు చేసేది వైద్యమే.

మీ ఇంటి మనిషిని ఆయాసంతో తీసుకెళ్తే రాత్రి ఎక్కడ పడుకున్నారో, ఏ పని చేస్తారో, ఏ పొయ్యి మీద వండుతారో నర్సుకు ముందే చెప్పండి. ఆక్సిజన్ మీట మాత్రం మీ చేత్తో పెంచకండి.