బేతాళకథలు: ఉపసంహారలోపవిచారము

గ్రంథతాత్పర్యమును నిర్ణయించుటకు మీమాంసకులు చెప్పిన షడ్లింగములలో ఉపక్రమోపసంహారములు మొదటివి. ఉపక్రమము గలిగి ఉపసంహారము లేని ప్రబంధమునకు తాత్పర్యము నెట్లు నిర్ణయింపవలయునను ప్రశ్న పండితగోష్ఠులలో అరుదుగా వచ్చును. తెలుగువారి యిండ్లలో రెండు మూడు తరములవారు చదివిన యొక సచిత్రకథావళి విషయమున నిప్పుడీ ప్రశ్న వచ్చియున్నది. అది చందమామ మాసపత్రికలో వెలువడిన బేతాళకథల వరుస.

చందమామ 1947 జూలైలో చెన్నపురినుండి బయలుదేఱెను. తమిళమున అంబులిమామ యను పేర నా సంవత్సరమే వచ్చెను. స్థాపకులు బి. నాగిరెడ్డి, చక్రపాణిగారలు, 1952 మొదలు 1980 వఱకు సంపాదనకార్యమును నడపినవారు కొడవటిగంటి కుటుంబరావుగారు. బేతాళకథలు 1950వ దశకమున మొదలై, మూలమందలి కథలు తీఱిన పిమ్మట క్రొత్తగా కల్పించిన కథలతో సాగి, 2013 నాటికి పత్రిక అచ్చు నిలిచిపోవువఱకు నడచినవి. కథల సంఖ్య వందలకు మించినది. రాజు మాత్రము ఆ శ్మశానమును దాటలేదు. ఉపసంహారమును చేరకయే వరుస తెగినది. తెగుట వేఱు, ముగియుట వేఱు.

మూలకథ సోమదేవుని కథాసరిత్సాగరమున శశాంకవతీలంబకమునందున్నది. సోమదేవుడు 11వ శతాబ్దమున కాశ్మీరమున నుండెను. క్షేమేంద్రుడు బృహత్కథామంజరిలోను, శివదాస జంభలదత్తులు వేఱు పాఠములుగను ఈ కథలనే చెప్పిరి. సోమదేవుని పాఠమున రాజు పేరు త్రివిక్రమసేనుడు. ఆతని యూరు గోదావరీతీరమందలి ప్రతిష్ఠానము. ఉజ్జయినీవిక్రమార్కుని పేరు లోకమున నెక్కువ ప్రసిద్ధమగుటచే తెలుగున నదియే నిలిచినది. గుణాఢ్యుడు శాతవాహనుని యాస్థానమున నుండెనను ఐతిహ్యమును బట్టి చూచినచో, ప్రతిష్ఠానపు రాజును ఉజ్జయినికి పంపుట ఆంధ్రులు తమ సొత్తును ఒరులకిచ్చి సంతసించుటయే యగును, అది యటుండె.

క్షాంతిశీలుడను భిక్షువు అనుదినము రాజునకొక ఫలమునిచ్చి పోవుచుండును. ఒకనాడు కోతి యొకటి ఆ ఫలమును కొఱుకగా లోన రత్నము కానవచ్చును. కారణమడిగిన రాజును భిక్షువు రాత్రివేళ శ్మశానమునకు రప్పించి, శింశుపావృక్షమున వ్రేలాడు శవమును తెచ్చియిమ్మని కోరును. ఇంతవఱకు ఉపక్రమము. కత్తి రాజుది; మంత్రము భిక్షువుది; శవమునందావేశించిన వేతాళుడు రెంటికి నడుమ నున్నవాడు. రాజు నోరు విప్పిన శవము మఱల చెట్టెక్కును. ప్రశ్నకు ప్రత్యుత్తరము తెలిసియు చెప్పకున్న రాజు తల పగులును. శాస్త్రవ్యవహారమున దీనినే ఉభయతఃపాశారజ్జువందురు. రెండువైపుల ఉరిగల యీ త్రాటినుండి తప్పుటకు మార్గమొక్కటియే కలదు: నిజముగా తెలియకుండుట. ఇరువది మూడు పర్యాయములు తన జ్ఞానముచేతనే యోడిన రాజు, ఇరువది నాలుగవ పర్యాయమున తన యజ్ఞానముచేత గెలుచును. కథకంతటికి ప్రాణమిచ్చట నున్నది.

ఆ కడపటి ప్రశ్న తెలుగువారికి, అందును మేనరికములు మెండుగా గల దక్షిణ రాయలసీమవారికి, మిక్కిలి రుచించునట్టిది. చండసింహుడను రాజును, ఆతని కొడుకు సింహపరాక్రముడును వేటకు పోయి, అడవిలో నిద్దఱు స్త్రీల యడుగుజాడలను చూతురు. పెద్దయడుగులు గలది తండ్రికి, చిన్నయడుగులు గలది కొడుకునకు భార్య కావలెనని ముందుగనే యొడబడికయగును. తీరా చూడ చంద్రవతియు లావణ్యవతియు తల్లీకూతుండ్రు, పెద్దయడుగులు కూతురివి! మాట తప్పరాదు గనుక తండ్రి కూతురిని, కొడుకు తల్లిని పెండ్లాడుదురు. వారికి పుట్టిన బిడ్డలు ఒండొరులకేమగుదురని వేతాళుని ప్రశ్న.

లెక్కవేసి చూచినచో నిది పొత్తుగా దొరకని చిక్కు కాదు. తండ్రికి కలిగిన బిడ్డ కొడుకునకు తమ్ముడగును గనుక కొడుకు బిడ్డకు పినతండ్రి. కొడుకునకు కలిగిన బిడ్డ ఆ కూతురికి తమ్ముడగును గనుక ఆమె బిడ్డకు మేనమామ. ఒకడు రెండవవానికి పినతండ్రి. రెండవవాడు మొదటివానికి మేనమామ. చిత్తూరు ప్రాంతపు ముసలమ్మ యెవతెయైనను వ్రేళ్లు మడచి యీపాటి చెప్పగలదు. మఱి రాజేల మౌనము వహించెను? ఇద్దఱును ఒండొరులకు పెద్దలే. ఎవడు చిన్నయో తేలదు. విడివిడిగా పేళ్లు కలవు, రెంటిని కలిపి చెప్పు పేరొకటి లేదు. తెలుగున వరుస యనగా చుట్టఱికమును, పంక్తియును రెండును అగును. వరుస చెప్పరాని బిడ్డలు పుట్టినచోట కథల వరుస యాగినదని చెప్పిన నది శ్లేషకొఱకు చెప్పినది కాదు, మూలకర్త యభిప్రాయమునకు తెలుగున దొరకిన చక్కని మాట యగును.

మౌనమునకు మెచ్చిన వేతాళుడు భిక్షువు కపటమును రాజునకు తెలుపును. సాష్టాంగముగ మ్రొక్కుమని వాడు నిన్నడుగును. రాజునగుటచే నెఱుగను, చేసి చూపుమనుము. వాడు వంగినంతట తల నఱకుము అని యుపాయము చెప్పును. రాజట్లే చేయును. వరము కోరుకొమ్మనగా నతడు రాజ్యమును కోరడు. ఇరువది నాలుగు కథలును, వానికి ముగింపైన యిరువది యైదవదియు భూమిపై ప్రసిద్ధములు కావలెనని కోరును. పిదప శివుడు ప్రత్యక్షమై అపరాజితమను ఖడ్గమునిచ్చును.

ఇప్పుడు పత్రికలోని కథలకు వత్తము. ప్రతి మాసమును బేతాళుడు రాజు శ్రమనుగూర్చియే మొదలిడును: ఇంత పాటుపడి సాధింపదలచినదేమి, ఈ శ్రమ యెవరికొఱకు, తీరా ఫలము చేతికి వచ్చునప్పుడు వదలుకొందువేమో యను భావముగల సందేహమును చెప్పి, దానికి దృష్టాంతముగా కథనెత్తుకొనును. ఇది కల్పనలో మిక్కిలి నేర్పుగల పని. మూలమున కథ కేవలము త్రోవనడకకు వినోదము. ఇచ్చట కథకును చట్రమునకును సంబంధము కుదిరినది. కాని యీ నేర్పే ఋణమును పెంచినది. నెలనెలకు శ్రమకు ఫలమేమని యడిగినవాడు ఏనాటికో యొకనాటికి ఆ ఫలమును చూపవలదా? భిక్షువు ఈ కథలలో దాదాపుగా కానరాడు. వాని కపటము తెలియని బాలునకు రాజు యేల నడచుచున్నాడో తెలియదు. బేతాళుడు శత్రువో హితుడో తెలియదు. తన్ను మోసికొనిపోవువానిని బేతాళుడు మాటిమాటికి వెనుకకు త్రిప్పుట రాజు మేలుకే యని మూలమెఱిగినవాడు గ్రహించును. ఎఱుగనివానికి బేతాళుడు వట్టి తుంటరి.

పేరునందే లోపమునకు బీజము కానవచ్చుచున్నది. సంస్కృతమున గ్రంథనామము వేతాళపంచవింశతి. సంఖ్య పేరుననే యున్నది గనుక కథకుడు ఇరువది యైదింటికి కట్టువడినవాడు. కొఱవి గోపరాజు సింహాసనద్వాత్రింశికను తెలుగుచేసినపుడు ముప్పదిరెండు బొమ్మలును పలికి శాపము తీర్చుకొనువఱకు విడువలేదు. పత్రికలో బేతాళకథలని బహువచనమొక్కటియే మిగిలి, సంఖ్య జాఱిపోయినది. సంఖ్యతోడ అవధియు పోయినది. 1870లో ఆంగ్లమున నీ కథలను తనకు తోచినట్లు మార్చి వ్రాసిన బర్టను దొర పదునొకండు కథలకు కుదించెను గాని, భిక్షువు వధను విడువలేదు. అంగములను తగ్గించి అంగిని నిలుపుట యతని పని. అంగములను పెంచి అంగిని విడుచుట చందమామ పని. టిబెట్టు దేశపు శవకథలలో శవమును తెమ్మని పంపినవాడు నాగార్జునాచార్యుడు. అతడు మోసగాడు కాడు గనుక శవమెన్ని మాఱులు మఱలిపోయినను ప్రమాదము లేదు. పంపినవాడు మంచివాడైనచో ముగింపు ఆలస్యమగుట సహింపవచ్చును. వాడు తల కోరువాడైనపుడు కాదు.

ఇచ్చట వ్యాకరణవిషయమొకటి చెప్పదగియున్నది. రాజునకు పత్రిక స్థిరపఱచిన విశేషణము పట్టువదలని యనునది. వదలిన, వదలుచున్న, వదలెడు అని భావార్థమున కాలభేదముండగా, వదలని యను వ్యతిరేకరూపము మూడుకాలములకును ఒక్కటియే. నిన్న వదలనివాడు, నేడు వదలనివాడు, రేపు వదలనివాడు, ముగ్గురును పట్టువదలనివారే. కాలము లేని విశేషణమును ధరించిన రాజునకు కథాంతమెట్లు కలుగును? విశేషణమును వ్రాసినవారు దీనిని తలచి వ్రాసిరనరాదు. భాష తన పని తాను చేసికొనిపోయినది.

చిత్రమును విడచి యీ విమర్శ పూర్తికాదు. శంకర్ గా ప్రసిద్ధులైన కె. సి. శివశంకరన్ గారు (1924-2020) వ్రాసిన విక్రమబేతాళచిత్రము కథలకంటె నెక్కువగా జనుల మనసున నాటినది. 2021లో ఆయనకు మరణానంతరము పద్మశ్రీ బిరుదమీయబడెను. భుజమున శవము, చేత దూసిన కత్తి, చుట్టును శ్మశానము. చిత్తూరు సరిహద్దులలో నొకే వీథియందు తెలుగు చందమామను చదువు బాలుడును, అంబులిమామను చదువు బాలుడును ఆ చిత్రము క్రింద వేఱువేఱు లిపులను చూచిరే కాని, చూచిన రాజొక్కడే. దూసిన కత్తికి చిత్రమున ప్రయోజనమేమి? మూలమెఱిగినవానికి అది భిక్షువు మెడపై పడవలసిన కత్తి. రానున్న వధకు సూచన. ముగింపు లేని వరుసలో నా కత్తి అలంకారమైపోయినది. దశాబ్దములపాటు ఒరలో పెట్టక, ఎవనిపైనను వేయక, రాజొక కత్తిని మోసెను. శవముకంటె నదియే బరువు.

సమాప్తియందు ఆదరము ఈ ప్రాంతమున స్వభావసిద్ధము. చిత్తూరు సీమ పల్లెలలో ద్రౌపదీదేవి గుడులయొద్ద పదునెనిమిది దినములు భారతము జరుగును. పగలు హరికథ, రాత్రి వీథినాటకము. ఆటలో నేదైన నొక రాత్రి మానినవారుందురు గాని, దుర్యోధనవధనాడు మట్టితో చేసిన యా నిలువెత్తును మించిన బొమ్మచుట్టు చేరనివారుండరు. శ్రీకాళహస్తి కలంకారీ దుప్పట్లలో కథ గడులు గడులుగా, క్రింద తెలుగు వ్రాతతో, అంచులవెంబడి నడచును. నడుమనుండు పెద్దగడిలో తఱచుగా పట్టాభిషేకము నిలుచును. చూపరి కన్ను మొదట ముగింపుపై పడి, పిదప కథను వెదకికొనును. అట్టివారి బిడ్డలు ముగింపు లేని కథను ఇంతకాలము సహించిరనగా, విడికథల రుచి ఎంతటిదో యూహింపవచ్చును.

పూర్వపక్షమును విస్మరింపరాదు. మాసపత్రిక గ్రంథము కాదు. ఏ నెలలో క్రొత్త పాఠకుడు వచ్చునో తెలియదు. వానికి ఆ నెలయే ఉపక్రమము. పైగా ఆ వరుస ముగిసియుండినచో నిన్ని క్రొత్తకథలు పుట్టియుండవు, పేరులేని యెందఱో రచయితలకు ఆ చట్రము నీడయై యుండదు. కడపటి కథలోని పెండ్లిండ్లు బాలురకు తగవని సంపాదకులు శంకించిరనినను నింద్యము కాదు. ఇందు మొదటి రెండు వాదములును అంగీకార్యములే. మూడవది నిలువదు, ప్రశ్నను మాత్రము మార్చి, రాజునకు తెలియని వేఱొక ప్రశ్నను పెట్టియుండవచ్చును. రాజునకు తెలియని విషయమొకటి కలదని యొప్పుకొనుటయే కావలసినది. ప్రతి నెలయు రాజు చెప్పుటయే చూచిన బాలుడు తెలివిగా ప్రత్యుత్తరము చెప్పుటయే గెలుపని నేర్చెను. అదియే యోటమియని మూలము చెప్పుచున్నది. కుటుంబరావుగారి గద్యము బాలురకు వాడుకతెలుగు సొంపును నేర్పినదనుటలో వివాదము లేదు. వాక్యమును ముగించుట యంత చక్కగా తెలిసిన పత్రిక కథను ముగింపకుండుట వింతయే.

పాఠశాలాపండితులకు దీనివలన పని యొకటి కలదు. సోమదేవుని కడపటి తరంగము చిన్నది. తెలుగున రెండు మూడు పుటలకు మించదు. పాత చందమామ సంపుటములు ఇప్పటికిని ఇండ్లలో కలవు. వానిని బాలురచేత చదివించువారు ఆ తరంగమును నోటితో చెప్పవచ్చును. బేతాళకథలను సంపుటముగా అచ్చువేయువారు దానిని తుదను చేర్చి, క్షాంతిశీలుని పేరు మొదటి పుటలోనే తెలుపుట యుక్తము.