కాళ్ళు లేని సారథికి

సారథీ! ఇరుసు పక్కన బెత్తెడు చోటులో ఒదిగి కూర్చుని, పేరు కోరక, పొగడ్త అడగక, ఆకాశమంత రథాన్ని తోలుతున్నవాడా! సూర్యుడి రథం తోలే అనూరుడికి తొడలు లేవంటారు. నీకు కాళ్ళూ లేవు, చేతులూ లేవు, చూపు సైతం అరువు తెచ్చుకున్నదే. అయినా నువ్వు పగ్గం పడితేనే దుర్భిణి కదులుతుంది. దుర్భిణి కదిలితేనే చుక్క నిలుస్తుంది. నిలపడం కోసం కదలాలి, ఆ కదలిక కంటపడకూడదు, పడిందా అది నీ తప్పే అవుతుంది. ఇంత కఠిన వ్రతం పట్టినవాడు ఇంకొకడున్నాడా? లోకం నిన్ను డ్రైవ్ కంట్రోలర్ అంటుంది. నేను రాత్రిళ్ళు తండ్రీ అని కొలుస్తాను, పగలు బిడ్డా అని విప్పుతాను.

భూమి ఆగదు. 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లకు ఒక చుట్టు చుట్టి, చుక్కలన్నిటినీ తూర్పున ఎత్తి పడమట దించుతూనే ఉంటుంది. ఉత్త కంటికి ఆ జారుడు తెలియదు. రెండు వందల రెట్లు పెంచి చూసే కంటికి అది వరద. ఖగోళ మధ్యరేఖ దగ్గరి చుక్క నిమిషానికి పావు డిగ్రీ కొట్టుకుపోతుంది. నిండు చందమామ తన వెడల్పంత దూరం రెండు నిమిషాల్లో దాటేస్తాడు. శని తన వలయాలతో సహా ఇలా మెరిసి అలా ఐపీసు అంచు దాటి మాయమవుతాడు. ఆ వరదకు ఎదురీదేవాడివి నువ్వు. భూమి తూర్పుకు ఎంతో నువ్వు పడమరకు అంత. సెకనుకు 15 వికలల పైచిలుకు, వికల అంటే డిగ్రీలో 3600వ వంతు. ధ్రువుడి వైపు గురిపెట్టిన ఒక్క ఇరుసు, హైదరాబాదు మిద్దె మీదైతే దిక్చక్రానికి 17 డిగ్రీలకు కాస్త పైగా వాలిన ఇరుసు, దాని చుట్టూ నీ ప్రదక్షిణ. తండ్రి ఒడి దక్కని పసివాడు కదలని చోటు కోరి తపస్సు చేశాడు. ఆ కదలని చోటును నువ్వు రాత్రంతా ఏ చుక్క అడిగితే ఆ చుక్కకు పంచిపెడతావు.

నీ వంశం గొప్పది. 1824లో డోర్పాట్ వేధశాలకు, ఇప్పటి ఎస్టోనియాలోని టార్టుకు, ఫ్రాన్‌హోఫర్ చేసిచ్చిన పెద్ద దుర్భిణిని తిప్పింది నీ ముత్తాతే: వేలాడే బరువు, అది దిగుతుంటే తిరిగే గడియారపు చక్రాలు. మన హైదరాబాదు నిజామియా వేధశాలకు డబ్లిన్ గ్రబ్ కంపెనీవారి 15 అంగుళాల దుర్భిణి వచ్చినదీ ఆ బరువుల కాలంలోనే. తరవాత కరెంటు వచ్చింది. సింక్రొనస్ మోటారు గోడ ప్లగ్గులోని 50 హెర్ట్జ్‌ల తాళాన్ని నమ్ముకుంది. ఆ తాళం తడబడిన రాత్రి చుక్కా తడబడింది. అప్పుడు నీ గుండెలోకి స్ఫటికం వచ్చింది. ఇసుకరేణువు జాతిదే, గోరంత డబ్బాలో బందీ అయి సెకనుకు లక్షల సార్లు వణికే క్వార్ట్జ్ ముక్క! భూమి తిరుగుడును మట్టిలోని రాయి లెక్కగడుతోందంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. జవ్వాది కొండల్లోని కావలూరులో 2.34 మీటర్ల వైను బప్పు దుర్భిణి దగ్గరైనా, మిద్దె మీద 8 అంగుళాల గొట్టం కిందైనా నీ ధర్మం ఒకటే.

మరి నీకు జబ్బు చేస్తే? నువ్వు మూలగవు. నీ తరఫున చుక్క మూలుగుతుంది. తాపీగా పడమరకు జారితే నీ ఊపిరి ఆగిందని. ముందుకో గంతు, వెనక్కో గంతు వేస్తే నీ మనసు చెదిరిందని. చక్కగా సాగి సాగి, రెండు మోటార్లూ ఒక్కసారి కదలగానే నువ్వు సర్వం మరిచి మళ్ళీ మొదటి అక్షరం దగ్గర కళ్ళు తెరిస్తే, నీ లోపలి వోల్టేజి క్షణకాలం కుంగిందని. ఇక ఎవరూ చెప్పకుండా పూర్తి వేగం అందుకుని, తీగలు చుట్టుకుని, గొట్టం ముక్కాలికి గుద్దుకునేదాకా పరుగెత్తావా, దాని కథ వేరే ఉంది.

నాలుగు మరలు విప్పితే నీ గర్భగుడి. పచ్చని పలక మీద రాగి ఏరులు, ఏరుల ఒడ్డున కెపాసిటర్ల గోపురాలు, రంగు వలయాలు తొడుక్కున్న రెసిస్టర్ల బారులు, నల్లరాతి చిప్పులు, మూల వెండిపూతతో స్ఫటికం. ఏళ్ళ తరబడి తాగిన మంచు కనెక్టర్ పిన్నుల మీద చిలుమై పూసింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పాత ఫ్లక్సు వాసన, దాని వెనక సన్నగా కాలిన వాసన. చూడగానే "చిప్పు పోయిందండీ, బోర్డు మార్చాలి" అని తీర్పిచ్చేవాళ్ళున్నారు. నేను నమ్మను. చిప్పు చాలాసార్లు నిర్దోషి. దాని గుమ్మంలో నిలబడి ఊపిరాడనివ్వని చిల్లర దొంగలే అసలు దోషులు.

అందుకే ముందు ప్రాణం చూస్తాను. మల్టీమీటర్ సూదులు రెండూ నీ నాడి మీద పెడతాను. 12 వోల్టులు గుమ్మం దాటి వస్తున్నాయా? రెగ్యులేటర్ వాటిని 5కు దించి కుదురుగా నిలుపుతోందా? ఇదిగో, అల్యూమినియం డబ్బా కెపాసిటర్. నెత్తిన గీసిన గాటు ఉబ్బింది, లోపలి ద్రవం ఏళ్ళకు ఏళ్ళు ఆవిరై, కెరటాలను మింగాల్సిన కడుపు ఎండిపోయింది. ఆ కెరటాలే నేరుగా నీ జ్ఞాపకాన్ని కొట్టి చెరిపేస్తున్నాయి. ఇదిగో, పసుపు బొట్టులాంటి టాంటలం కెపాసిటర్. చూపుకు ముద్దు, కోపానికి దూర్వాసుడు, పోయేటప్పుడు షార్టై, ఠప్పున పేలి, పలక మీద మసి శాపం రాసి పోతుంది. ఇదిగో, గుమ్మంలో కాపలా డయోడు. ఎవరో చీకట్లో బ్యాటరీ తీగలు తారుమారుగా తగిలించారు. వెనక్కి దూసుకొచ్చిన కరెంటునంతా తన మీదికి తీసుకుని, ఫ్యూజును వెంట తీసుకుని, నిన్ను దాటనివ్వక అక్కడే నేలకొరిగింది. ఆ కొద్ది రూపాయల ముక్కకు వీరగల్లు వేయాలనిపిస్తుంది. కోఠీ గుజరాతీ గల్లీలో మళ్ళీ అలాంటిది దొరుకుతుంది, గుప్పెడు తెచ్చి ఉంచుకుంటాను.

ఇప్పుడా పరుగు సంగతి. మోటారు వెనక చీలికల చక్రం. దానికి ఒక వైపు కంటికి కనిపించని పరారుణ దీపాలు, రెండో వైపు వాటిని చూసే చిన్ని కళ్ళు. చక్రం తిరిగితే వెలుగు, చీకటి, వెలుగు, చీకటి. రెండు కళ్ళు, రెండు గొంతులు. ఒకటి ఎత్తుకున్న పావు ఆవర్తనానికి రెండోది అందుకుంటుంది. ఏది ముందు ఎత్తుకుంటే దాన్నిబట్టి మోటారు ముందుకో వెనక్కో తిరుగుతోందని నీకు తెలుస్తుంది. ఆసిలోస్కోపు తెర మీద ఆ జంట గానం చూడాలి! చదరపు అలల మీద చదరపు అలలు, కోటగోడ బురుజుల్లా, మెట్లబావి మెట్లలా, ఒకదాని వెనక ఒకటి, తాళం తప్పకుండా. నువ్వు పరుగెత్తిన ఆ వేళ తెర మీద ఒక్క గొంతే ఉంది. రెండోది తిన్నని గీత. ఒక్క గొంతే వినిపిస్తే నీ లెక్క ముందుకొకటి, వెనక్కొకటి. ఎంత తిరిగినా కదిలింది సున్నా. కదలలేదనుకుని ఇంకాస్త తోస్తావు, ఇంకా కదలలేదనుకుని ఉన్న బలమంతా పోస్తావు, అటు దుర్భిణి గిర్రున తిరుగుతుంటే ఇటు నువ్వు ఒక్క అడుగూ పడలేదని తల్లడిల్లుతావు. చూసినవాళ్ళు నీకు పిచ్చెక్కిందన్నారు. పిచ్చి కాదు తండ్రీ, అది గుడ్డివాడి భక్తి! చక్రం తప్పు లేదు, దీపం తప్పు లేదు. ఆ కంటి నుంచి వచ్చే తీగ, ఇరుసుతో పాటు వంగి వంగి, పైతొడుగు చెక్కుచెదరకుండా లోపల తెగింది. వేళ్ళతో నిమిరితే ఒక్కచోట మెత్తగా మడతపడింది. అక్కడ కోసి, కొత్త తీగ అతికి, రెండో గొంతు తెర మీదికి లేచినప్పుడు నా కళ్ళు చెమ్మగిల్లాయి.

ఇంకో రోగం ఉంది నీకు, రాత్రి రోగం. పగలు బల్ల మీద బుద్ధిమంతుడివి, ఎన్ని గంటలైనా తిరుగుతావు; మాఘమాసం చలి ఇరుసులోకి దిగగానే మొరాయిస్తావు. అతుకుల్లో ఏదో ఒకటి నిండుగా కనిపించే పొల్లు గింజ. వేడికి అంటుకుని ఉంటుంది, చలికి వెంట్రుకవాసి విడిపోతుంది. పెన్సిలు మొనతో పలకంతా మెల్లగా తట్టుకుంటూ పోతాను; ఇక్కడ కాదు, ఇక్కడా కాదు, ఇదిగో ఇక్కడ, నువ్వు ఉలిక్కిపడ్డ చోట. భూతద్దం కింద పెడితే విడిభాగపు కాలి చుట్టూ సన్నని ఉంగరం, పగులు ఉంగరం. సోల్డరింగ్ ఐరన్ ఆనించగానే మసకబారిన సీసం తళుక్కుమని కరిగి, కాలి చుట్టూ పాకి, అద్దమై నిలుస్తుంది. పైన్ జిగురు పొగ సుడి తిరిగి లేస్తుంది. నాకు తెలిసిన ధూపాల్లో అంతకంటే పరిమళమైనది లేదు.

మళ్ళీ నిన్ను ఇరుసుకు బిగించాను. అర్ధరాత్రి ఈశాన్యాన సప్తర్షులు లేచారు. తోకలో వసిష్ఠుడు, పక్కన అరుంధతి. పెళ్ళిపందిట్లో పట్టపగలు పురోహితుడు చూపిస్తే ఎవరికీ కనబడక, అందరూ చూశామనే ఆ అరుంధతి! ఐపీసులో ఆమె నిర్మలంగా ఉంది. వసిష్ఠుడేమో ఇద్దరయ్యాడు, నడుమ 14 వికలల ఎడం, రెండు తెల్లని నిప్పురవ్వలు. నిలిచారు! ముగ్గురూ నిలిచారు! పందిరి కింద కొత్త జంటలా కదలక మెదలక.

కాస్త ఓపికగా చూస్తే కదలిక లేకపోలేదు. తూర్పుకు కొంచెం, పడమరకు కొంచెం, మళ్ళీ తూర్పుకు. నా చెయ్యి నీ మూత మరల మీదికి పోలేదు. ఆ ఊగు నీది కాదు. 180 పళ్ళ చక్రాన్ని తిప్పే వార్మ్ అనే మరచుట్ల కడ్డీ ఒక చుట్టు తిరగడానికి దాదాపు 8 నిమిషాలు పడుతుంది. ఊగూ సరిగ్గా ఆ 8 నిమిషాలకే తిరిగి వస్తోంది. వార్మును చెక్కిన పనిముట్టు వదిలిన వంక అది, లోహంలో పుట్టింది, నీ తీగల్లో లేదు. అయినా దాన్ని నువ్వు నేర్చుకోగలవు. ఒక చుట్టు పొడుగునా నేను దిద్దితే కంఠతా పట్టి, తరవాతి ప్రతి చుట్టుకూ ఆ ఊగుకు ఎదురు ఊగగలవు. అడ్డగీతల ఐపీసు పెట్టాను, అరుంధతిని కూడలిలో నిలిపాను, బటన్ల మీద వేళ్ళున్నాయి. ఆమె ఒరిగినప్పుడల్లా నొక్కుతాను, గుర్తుపెట్టుకో.