డొమైన్ ఎవరి పేరున ఉంది?

డొమైన్ పేరు బాగుందో లేదో తేల్చడానికి నాకు తెలిసిన పరీక్ష ఒక్కటే: ఫోన్లో చెప్పి చూడటం. అవతలివాళ్లు మళ్లీ అడక్కుండా టైప్ చేసేస్తే ఆ పేరు పనికొస్తుంది. మన పేర్లు చాలావరకు ఇక్కడే బోల్తా పడతాయి. సీతకి ఐ ఒకటా, ఈలు రెండా? టీ చాలా, పక్కన హెచ్ కూడా ఉండాలా? లక్ష్మిలో ఎక్స్ రాసేవాళ్లున్నారు, కె.ఎస్.హెచ్. రాసేవాళ్లూ ఉన్నారు. అనుకున్న పేరు దొరకలేదని మధ్యలో అడ్డగీత పెట్టారో, ఇక జీవితాంతం ఆ గీత గురించి చెప్పుకుంటూనే ఉండాలి. డాట్‌కు ముందు 63 అక్షరాల దాకా పెట్టుకోవచ్చని నియమం. పెట్టమని కాదు.

డాట్ కామ్‌లో మొదటి పేరు, సింబాలిక్స్ డాట్ కామ్, 1985 మార్చి 15న నమోదైంది. అప్పట్లో రుసుమే లేదు. ఇప్పుడు పొట్టి పేర్లు దాదాపు అన్నీ ఎవరో ఒకరి చేతిలో ఉన్నాయి. అందుకే ఊళ్లో వ్యాపారానికి డాట్ ఇన్ చూడమంటాను. 2005 నుంచి అది అందరికీ అందుబాటులో ఉంది. పచ్చళ్లు డాలస్‌కి పంపేవాళ్లకూ అది అడ్డమేమీ కాదు. తెలుగు లిపిలోనే పేరు పెట్టుకుని చివర డాట్ భారత్ అని రాసుకునే వీలు కూడా ఉంది. ముచ్చటేస్తుంది, కానీ ఆ అడ్రసుని ఒప్పుకోని ఫారాలూ ఈమెయిల్ సేవలూ ఇంకా ఉన్నాయి. రెండో పేరుగా ఉంచుకోండి.

డొమైన్ కొన్నాం అంటాం గానీ నిజానికి అది అద్దె. డాట్ కామ్‌కి ఒక విడతలో పదేళ్లకు మించి ఇవ్వరు. మొదటి ఏడాది ధర చూసి మురిసిపోకుండా, రెండో ఏడాది రెన్యువల్ ఎంతో అడగాలి.

అసలు చిక్కు వేరే ఉంది. సైటు చేసిపెట్టిన కుర్రాడు తన ఈమెయిల్‌తో, తన పేరునే డొమైన్ నమోదు చేసేస్తాడు. దురుద్దేశమేమీ ఉండదు, ఆ పూటకి పని తేలికవుతుందని. తర్వాత అతను బెంగళూరు వెళ్తాడు, నంబరు మారుస్తాడు. రెన్యువల్ హెచ్చరికలన్నీ అతను తెరవని పెట్టెలో పడుతుంటాయి. నాకు తెలిసిన ఒక హోమియో డాక్టరుగారికి సరిగ్గా ఇదే జరిగింది. రోగులు ఫోన్ చేసి "సైటు రావట్లేదండీ" అనేదాకా ఆయనకు తెలియదు. గడువు దాటినా డాట్ కామ్ పేరు వెంటనే పోదు. పేరు అమ్మిన సంస్థని, అంటే రిజిస్ట్రార్‌ని బట్టి కొన్నాళ్లు మామూలు ధరకే తిరిగిస్తారు. ఆ తర్వాత 30 రోజులు అదనపు రుసుము కట్టి విడిపించుకోవచ్చు. అదీ దాటితే 5 రోజుల్లో పేరు ఎవరైనా తీసుకోవచ్చు. ఈ వెసులుబాటంతా ఖాతా మన చేతిలో ఉన్నప్పుడే. ట్రేడ్‌మార్క్ ఉన్న పెద్ద కంపెనీలు పేరు కోసం పోరాడగలవు, అందుకు వివాద పరిష్కార విధానాలున్నాయి. వీధి చివర క్లినిక్‌కి ట్రేడ్‌మార్క్ ఎక్కడిది?

మీకు ఇప్పటికే సైటుంటే రిజిస్ట్రార్ ఖాతా తెరిపించి, రిజిస్ట్రెంట్ (పేరు హక్కుదారు) అన్నచోట ఎవరి పేరుందో, ఎవరి ఈమెయిల్ ఉందో చూడండి. మీవి కాకపోతే, ఆ కుర్రాడి నంబరు పనిచేస్తుండగానే ఫోన్ చేసి మార్పించుకోండి.